ఆరంభశూరుల లెక్క: మద్రాసులో ఒక ఎస్ఎస్‌డి పరీక్షల డైరీ

2025 ఏప్రిల్ 12, శనివారం

ఈ పనికి మూలం మా బావ ఫోను. కోడంబాక్కంలో బావకి ఎడిటింగ్ గది ఉంది. రెండు కంప్యూటర్లు, ఒక ఏసీ, మేకుకి వేలాడే హెడ్‌ఫోన్లు, అంతే. పనంతా పెళ్ళి వీడియోలు. నెల్లూరు, తిరుపతి వైపు పెళ్ళిళ్ళు కూడా ఈ గదికే వచ్చి చేరతాయి. నెల కిందట 1 టీబీ ఎన్‌విఎంఇ డిస్కు ఒకటి (తిరిగే పళ్ళెం లేకుండా చిప్పుల్లో దాచే ఎస్ఎస్‌డిల్లో వేగమైన రకం) కొన్నాడు. డబ్బా మీద సెకనుకి 3,500 ఎంబీ అని పెద్ద అంకె.

"బామ్మర్దీ, రెండు నిమిషాలు గుర్రం, ఆ తర్వాత ఎడ్లబండి. పెళ్ళివాళ్ళు ట్రైలర్ చూస్తామని వచ్చి నా ఎదురుగానే కూర్చున్నారు. వైరస్సేమో వచ్చి చూడరా."

వెళ్ళాను. ఎక్స్‌టర్నల్ డిస్కు నుంచి 300 జీబీ ఫుటేజీ కాపీ అవుతోంది. ఆపించి, మళ్ళీ మొదట్నుంచి పెట్టించి, పక్కన కూర్చుని చూశాను. సెకనుకి 900 ఎంబీతో బయల్దేరింది. ఒకటిన్నర నిమిషం దాటాక గ్రాఫు కొండ అంచు నుంచి జారినట్టు పడిపోయి 85 దగ్గర ఆగింది. ఇక లేవలేదు. మిగతా 200 జీబీ ఎక్కడానికి 41 నిమిషాలు పట్టింది. ఈలోపు పెళ్ళివాళ్ళకి రెండుసార్లు కాఫీ తెప్పించాల్సి వచ్చింది.

వైరస్సూ కాదు, డిస్కు పాడవడమూ కాదు. మనవాళ్ళు ఆరంభశూరత్వం అంటారే, అచ్చంగా అదే జబ్బు. డబ్బా మీది అంకె అబద్ధం కాదు, కానీ అది మొదటి రెండు నిమిషాల అంకె.

ఇంటికొచ్చాక అనిపించింది: ఏటా కొత్త డ్రైవులు వస్తున్నాయి, వాటి రివ్యూలన్నీ చదువుతున్నాను, అయినా బావ కొనే ముందు ఒక్క ముక్క చెప్పలేకపోయాను. పైగా రివ్యూకి పంపిన డ్రైవులో ఉన్న చిప్పులే అంగట్లో అమ్మే డ్రైవులో ఉంటాయన్న భరోసా కూడా లేదు. 2021లో పేరున్న కంపెనీలే మోడల్ పేరు మార్చకుండా లోపల సరుకు దాచే చిప్పులైన ఫ్లాష్‌నీ, వాటిని నడిపే చిప్పు కంట్రోలర్‌నీ, అంటే లోపలి ఫ్లాష్‌నీ, కంట్రోలర్‌నీ మార్చేసి దొరికిపోయాయి. అందుకని ఇకమీదట నా చేతికి ఏ డ్రైవు వచ్చినా ఒకే బల్ల మీద, ఒకే పరీక్ష. ఫలితాలు ఈ డైరీలో.

బల్ల: పాత రైజెన్ 5600 ప్రాసెసర్, బి550 బోర్డు, 16 జీబీ ర్యామ్, ఉబుంటు లైనక్స్. పరీక్షకి ఫియో అనే ప్రోగ్రాం. డ్రైవులకి కంపెనీ పేర్లు రాయను, అక్షరాలు పెడతాను. బావది "అ". నా సొంత నాలుగో తరం (డ్రైవుని బోర్డుకి కలిపే పిసిఐఇ దారిలో నాలుగో తరం) డ్రైవు "ఆ". పాత ల్యాప్‌టాప్ నుంచి ఊడదీసిన సాటా (పాత రకం తీగతో కలిసే) డ్రైవు "ఇ".

ఏప్రిల్ 20, ఆదివారం

రోజంతా తప్పుడు అంకెలే.

మొదటిది: "ఇ" సెకనుకి 11,000 ఎంబీ చదివినట్టు చూపించింది. సాటా తీగకి ఉన్న పరిమితే 6 గిగాబిట్లు, ఎంత గింజుకున్నా 560 ఎంబీ దాటదు. 11,000 ఎక్కడిది? ర్యామ్‌ది. పరీక్ష ఫైలు 10 జీబీ, ర్యామ్ 16 జీబీ. లైనక్స్ ఆ ఫైలుని ర్యామ్‌లో దాచుకుని అక్కడి నుంచే వడ్డించింది. ఫియోలో ర్యామ్ జోలికి పోకుండా చేసే డైరెక్ట్ అన్న ఆప్షన్‌ని 1 చేయడం మర్చిపోయాను. పాత డ్రైవు పాపం బల్ల మీద ఊరికే కూర్చుని ఉంది, నేను ర్యామ్‌ని కొలిచాను.

రెండోది కొంచెం సూక్ష్మం. "ఆ" డ్రైవుని పూర్తిగా చెరిపి, ఏమీ రాయకుండా చదివించాను. చిన్న ముక్కల రీడింగులో నమ్మలేనంత వేగం. కారణం తర్వాత తట్టింది. ట్రిమ్ అయిన (అంటే ఖాళీ అని డ్రైవుకి చెప్పేసిన) చోట ఏముందని అడిగితే డ్రైవు ఫ్లాష్ దాకా వెళ్ళదు. తన పట్టికలో చూసుకుని "ఇక్కడ ఏమీ లేదు" అని సున్నాలు పంపేస్తుంది. ఖాళీ పుస్తకాన్ని ఎంత వేగంగా చదివినా ఏం లాభం? కాబట్టి నియమం: ముందు డ్రైవు నిండా రాయాలి, ఆ తర్వాతే చదవాలి.

రెండు తప్పులూ చేశాక ఒక పాత రివ్యూ వీడియోలో ఆ రెండో తప్పే కనిపించి కాస్త తృప్తిగా నవ్వుకున్నాను.

మే 4, ఆదివారం

ఇవాళ్టి నుంచి కర్తరి. ఇక్కడివాళ్ళు అగ్ని నక్షత్రం అంటారు. బయట అడుగు పెట్టే పని లేదు కాబట్టి నింపుడు పరీక్ష పెట్టాను: ఖాళీ డ్రైవు మొదలు నుంచి చివరిదాకా ఆపకుండా రాయడం, సెకను సెకనుకీ వేగం నమోదు చేయడం. బావ ఫుటేజీ అంతా ముందే వేరే డిస్కులోకి తీసి పెట్టాను.

"అ" ఖాళీగా ఉన్నప్పుడు 230 జీబీ వరకు 2,900 ఎంబీతో పోయింది, 80 సెకన్ల పని. ఆ తర్వాత 95. మిగతా 770 జీబీకి 2 గంటల 15 నిమిషాలు. నేను భోంచేసి, ఒక కునుకు తీసి లేచేసరికి కూడా ఇంకా రాస్తోంది.

"ఆ" 110 జీబీ దాకా 6,400తో పోయి తర్వాత 1,400కి దిగింది. దిగినా నడక ఆగలేదు. మొత్తం 11 నిమిషాల్లో నిండిపోయింది.

రెండూ 1 టీబీయే. తేడా ఫ్లాష్‌లో ఉంది. "ఆ" లోది టిఎల్‌సి, ఒక్కో గడిలో 3 బిట్లు. "అ" లోది క్యుఎల్‌సి, ఒక్కో గడిలో 4. ఒక్క బిట్టేగా అనిపిస్తుంది కానీ, 3 బిట్లకి గడిలో 8 వోల్టేజీ మెట్లు గుర్తుపడితే చాలు, 4 బిట్లకి 16 మెట్లు కావాలి. అదే గ్లాసులో 8 గీతలు గీసి నీళ్ళు పోయడం ఒకటి, 16 గీతలు గీసి సరిగ్గా గీత మీదికి పోయడం ఇంకొకటి. చెయ్యి వణక్కుండా నెమ్మదిగా పోయాలి, పోశాక సరిచూసుకోవాలి. అందుకే రాత నెమ్మది.

మరి మొదటి 80 సెకన్ల గుర్రం సంగతి? మా ఊళ్ళో కోతలప్పుడు బండి మీంచి వడ్ల బస్తాలు దింపేటప్పుడు నేరుగా గాదెలో పోయరు. ముందు వసారాలో పడేస్తారు, బండి ఖాళీ అయి వెళ్ళిపోతుంది. రాత్రికి తీరిగ్గా గాదెలో సర్దుతారు. ఎస్ఎస్‌డి కూడా ముందు ఒక్కో గడిలో ఒక్క బిట్టే రాసేసి "అయిపోయింది" అంటుంది. ఖాళీ దొరికినప్పుడు ఆ గడుల్లోని సరుకుని నాలుగేసి బిట్లుగా కుక్కి సర్దుకుంటుంది. ఈ వసారానే ఎస్ఎల్‌సి క్యాషె అంటారు. తిరకాసేమిటంటే, ఈ డ్రైవులో వసారా వేరే స్థలం కాదు, గాదెలో ఖాళీగా ఉన్న భాగమే. 4 బిట్లు పట్టే చోట 1 బిట్టు రాస్తున్నారు కాబట్టి ఖాళీలో నాలుగో వంతుకి మించి వసారా ఉండదు. గాదె నిండే కొద్దీ వసారా ఇరుకు. బావ డిస్కులో ఆ రోజు 370 జీబీ ఖాళీ ఉంది. నాలుగో వంతు అంటే సుమారు 92. సెకనుకి 900 చొప్పున 92 జీబీకి ఎంతసేపు? ఒకటిన్నర నిమిషం దాటి కొంచెం. గ్రాఫు జారింది సరిగ్గా అక్కడే. ఈ లెక్క కుదిరినప్పుడు ఒంటరి గదిలో చప్పట్లు కొట్టుకున్నాను.

ఇంకో కొలత: వసారా నిండాక డ్రైవుని వదిలేస్తే ఎంతసేపటికి ఖాళీ చేసుకుంటుంది? 5 నిమిషాలు ఆగితే 20 జీబీ మేరకే వేగం తిరిగొచ్చింది. అరగంట ఆగితే చాలావరకు కోలుకుంది. అంటే నాలుగు కెమెరాల కార్డులు వెంటవెంటనే దించుకునే బావ లాంటివాడికి ఈ డ్రైవు ఊపిరి పీల్చుకునే వ్యవధే దొరకదు.

సాయంత్రం బావ ఫోన్ చేశాడు. "మూడుసార్లు నింపావంట, నా డిస్కు అరిగిపోదూ?" అరుగుతుంది, నిజమే. ఈ తరహా 1 టీబీ క్యుఎల్‌సి డ్రైవులకి కంపెనీ హామీ 220 టీబీ రాతల దాకా ఉంటుంది, టిఎల్‌సికి మామూలుగా 600. నేను ఖర్చుపెట్టింది 3. డ్రైవే తన చిట్టా రాసుకుంటుంది, స్మార్ట్ లాగ్‌లో డేటా యూనిట్స్ రిటెన్ అని ఉంటుంది. ఒక యూనిట్ అంటే 512 బైట్లు అనుకుంటే పొరపాటు, 5,12,000 బైట్లు. ఈ వెయ్యి రెట్ల సంగతి తెలియక మొదట్లో నా డ్రైవు ఎప్పటికీ చావదని సంబరపడ్డాను.

మే 11, ఆదివారం

ఇవాళ్టి పేజీ నా పరువు తీసేది, అయినా రాస్తాను.

"ఆ" నుంచి "అ" కి కాపీ వేగం చూద్దామని రెండింటినీ ఒకేసారి బోర్డులో పెట్టాను. "ఆ" ని కింది స్లాటులోకి మార్చాను. మధ్యాహ్నం ఒంటరిగా "ఆ" ని చదివించి చూస్తే 3,500. నిన్నటి దాకా 7,000 చదివిన డ్రైవు! ఎండకి పోయిందనుకున్నాను. ఫర్మ్‌వేర్ మార్చాను. కొత్త కెర్నల్ వేశాను. డ్రైవు ఊడదీసి రబ్బరుతో బంగారు పళ్ళు తుడిచాను. ఆఖరికి రాత్రి ఎనిమిదింటికి ఎల్ఎస్‌పిసిఐ కమాండు వివరంగా చూస్తే లింకు స్థితి దగ్గర 8 జీటీ (సెకనుకి 800 కోట్ల బదిలీలు), పక్కనే "డౌన్‌గ్రేడెడ్" అని ఉంది. ఉండాల్సింది 16.

బి550 బోర్డులో పై స్లాటు నేరుగా ప్రాసెసర్‌కి కలుస్తుంది, అది నాలుగో తరం. కింది స్లాటు చిప్‌సెట్ మీదుగా పోతుంది, అది మూడో తరమే. బోర్డు పుస్తకంలో రెండో పేజీలోనే ఉంది ఈ ముక్క. నాలుగు లేన్లకి మూడో తరం దారి సెకనుకి 3.9 జీబీ, నాలుగోది 7.9, ఐదోది 15.8. నా గుర్రానికి ఏ రోగమూ లేదు. నేనే దాన్ని సందులోకి తోలాను.

ఇకమీదట ప్రతి పరీక్ష స్క్రిప్టులో మొదటి వరుస: లింకు వేగం చూసి, తగ్గితే ఆగిపో. ఆరు గంటలు పోగొట్టుకుని సంపాదించిన వరుస అది.

మే 18, ఆదివారం

ఎండల పరీక్ష. దీనికి మద్రాసు కంటే మంచి ప్రయోగశాల ఉండదు.

మధ్యాహ్నం 2 గంటలు, ఏసీ ఆపేశాను, ఫ్యాను మాత్రమే. గదిలో 36 డిగ్రీలు. "ఆ" కి హీట్‌సింక్ లేదు. వరసగా చదివిస్తూ రాయిస్తూ ఉంటే ఏడో నిమిషానికి 83 డిగ్రీలు తాకి, 7,000 వేగం 2,600కి పడింది. చల్లబడగానే లేచింది, మళ్ళీ వేడెక్కి పడింది. గ్రాఫు రంపం పళ్ళలా వచ్చింది. మర్నాడు తెల్లవారుజామున 5 గంటలకి అదే పరీక్ష. గదిలో 30. ఈసారి 77 దగ్గర ఆగింది, వేగం ఒక్కసారీ పడలేదు. ఆరు డిగ్రీల గది వేడి, ఆరు డిగ్రీల డ్రైవు వేడి. ఏసీ హాల్లో చేసిన రివ్యూల్లో ఈ రంపం పళ్ళు కనిపించవు మరి.

డ్రైవు ఎక్కడ భయపడుతుందో అదే చెబుతుంది. కంట్రోలర్ వివరాలు అడిగితే డబ్ల్యూసి టెంప్ అని ఒక అంకె వస్తుంది. నాది 357. చూసి గుండె ఆగింది. అది కెల్విన్. 273 తీసేస్తే 84.

తర్వాత హీట్‌సింక్ తెచ్చి బిగించాను. మళ్ళీ మధ్యాహ్నం పరీక్ష. 81! డబ్బులు దండగ అని తిట్టుకుంటూ విప్పితే, మెత్తటి థర్మల్ ప్యాడ్ మీద నీలం రంగు పలచటి ప్లాస్టిక్ కాగితం అలాగే ఉంది. ఒలిచి, మళ్ళీ బిగించాను. 66. ఆ కాగితాన్ని ఈ డైరీ నోట్‌బుక్‌లో ఈ పేజీకే అంటించాను.

మే 31, శనివారం

మౌంట్ రోడ్డు నుంచి లోపలికి తిరిగి రిచీ స్ట్రీట్. నేల మీద పరిచిన ఛార్జర్ల మీద కాలు వేయకుండా నడవడం ఇక్కడ ఒక విద్య. బావకి పనికొచ్చే డ్రైవు ఒకటి కొనాలి. అడిగిన మూడో అంగడాయనకి తెలుగు కొంచెం వచ్చు.

"స్పీడ్ ఎంత కావాలి సార్, ఐదు వేలా, ఏడు వేలా?"

"స్పీడ్ తర్వాత అణ్ణా. ఇది టిఎల్‌సియా, క్యుఎల్‌సియా?"

డబ్బా అటూ ఇటూ తిప్పాడు. నేనూ తిప్పాను. ఎక్కడా లేదు. "అదంతా కంపెనీకే తెలుసు సార్. ఐదేళ్ళు వారంటీ, అది చూడండి."

ఆయన తెలియక చెప్పినా మంచి దారే చెప్పాడు. వారంటీ పక్కనే టీబీడబ్ల్యూ, అంటే ఎన్ని టీబీల రాతలకి హామీయో ఆ అంకె, ఉంటుంది. 1 టీబీకి 600 రాసి ఉంటే టిఎల్‌సి కావచ్చని, 200 చిల్లర ఉంటే క్యుఎల్‌సి అని అనుమానించవచ్చు. తీర్పు కాదు, ఆచూకీ. 600 ఉన్నదాన్నే తీసుకున్నాను. దీనికి పేరు "ఈ".

జూన్ 8, ఆదివారం

"ఈ" టిఎల్‌సియే. నింపుడు పరీక్షలో వసారా దాటాక కూడా 900 నిలిచింది. బావ పనికి ఇది చాలు. అయితే దీనిలో డీర్యామ్ (డ్రైవుకి సొంత ర్యామ్ చిప్పు) లేదు, దాని సంగతి తేల్చాలి.

ప్రతి ఎస్ఎస్‌డికీ ఒక పట్టిక ఉంటుంది. కంప్యూటర్ అడిగే చిరునామాకీ ఫ్లాష్‌లో అసలు చోటుకీ లంకె ఈ పట్టికే. 4 కేబీ ముక్కకి 4 బైట్లు చొప్పున వేసుకుంటే 1 టీబీకి పట్టిక 1 జీబీ. ఖరీదైన డ్రైవుల్లో ఆ పట్టిక పెట్టుకోవడానికి సొంత డీర్యామ్ ఉంటుంది. "ఈ" లాంటివి కంప్యూటర్ ర్యామ్‌లోనే కొంచెం చోటు అద్దెకి తీసుకుంటాయి, దాన్ని హోస్ట్ మెమరీ బఫర్ అంటారు. కెర్నల్ లాగ్ చూస్తే "ఈ" తీసుకున్నది 64 ఎంబీ. ఆ లెక్కన 64 ఎంబీ పట్టికతో 64 జీబీ మేరకే దారి తెలుస్తుంది. దానికి బయట ఎక్కడ అడిగినా ముందు పట్టిక ముక్కని ఫ్లాష్ నుంచి తెచ్చుకుని, అప్పుడు సరుకు తేవాలి. రెండు ప్రయాణాలు.

4 కేబీ ముక్కలు, ఒకటి అడిగి అది వచ్చాకే రెండోది అడిగే పద్ధతిలో కొలిచాను. 1 జీబీ ఫైలు లోపల చదివితే "ఈ" కి 78 ఎంబీ, "ఆ" కి 82. తేడా లేనట్టే. అదే 800 జీబీ మేర ఎక్కడపడితే అక్కడ చదివిస్తే "ఆ" 79 దగ్గర నిలబడింది, "ఈ" 49కి దిగింది.

అందరూ వాడే క్రిస్టల్ డిస్క్ మార్క్ మామూలుగా 1 జీబీ ఫైలుతోనే కొలుస్తుంది. అంటే వీధి చివర అంగడికి పంపి, "ఊరంతా తిరిగొచ్చాడు, ఎంత చురుకో" అని మెచ్చుకోవడం. పెద్ద డేటాబేస్ నడిపేవాడు డీర్యామ్ ఉన్నదే కొనాలి. వీడియో ఫైళ్ళు వరసగా చదివే బావకి ఈ తేడా అంటదు.

జూన్ 15, ఆదివారం

గూడూరు నుంచి పిన్నికొడుకు వచ్చాడు, చేతిలో ఆన్‌లైన్‌లో కొన్న "16 టీబీ" ఎస్ఎస్‌డి. "అన్నా, నువ్వు డిస్కులు టెస్ట్ చేస్తావంటగా." ధర చెప్పాడు. ఆ డబ్బుకి రిచీ స్ట్రీట్‌లో అసలైన 1 టీబీ కూడా రాదు. విండోస్‌లో మాత్రం నిజంగానే 16 టీబీ చూపిస్తోంది. నకిలీ డిస్కుల్ని పట్టే ఎఫ్3 ప్రోబ్ అనే ప్రోగ్రాం పెట్టాను, కాసేపటికే అసలు కొలత తేలింది: 64 జీబీ. దాని తర్వాత రాసినదంతా పాత దాని మీదే పడుతుంది. డబ్బా తెరిచాం. లోపల వేలెడు బోర్డు, దానికి జిగురుతో అంటించిన ఒక మెమరీ కార్డు, బరువు కోసం ఒక ఇనుప ముక్క.

వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "అన్నా, ఈ ఇనప ముక్క నాకివ్వు" అన్నాడు. ఎందుకో అడగలేదు.

జూలై 6, ఆదివారం

ఆఫీసులో ఒకాయన ఐదో తరం డ్రైవు అరువిచ్చాడు. డబ్బా మీద 14,000 పైన. దీనికి "ఉ". నా బోర్డు నాలుగో తరమే కాబట్టి వరస రీడింగు 7,100 దగ్గర ఆగింది. అది డ్రైవు తప్పు కాదు.

నాకు కావాల్సింది ఆ చిన్న ముక్కల అంకె. "ఉ" 90, "ఆ" 82, సాటా "ఇ" 36. ఒక్కో ముక్కకి పట్టే కాలం "ఉ" లో సుమారు 45 మైక్రోసెకన్లు, "ఆ" లో 50. ఐదో తరం దారి రెండింతలు వెడల్పయింది గానీ, ఫ్లాష్ గడి దగ్గరికెళ్ళి ఒక్క ముక్క తేవడానికి పట్టే కాలం దాదాపు అంతే. దారి ఎంత వెడల్పైనా బావిలోంచి చేద పైకి లాగే కాలం తగ్గదు. ఆ కాలాన్ని నిజంగా తగ్గించినది ఇంటెల్ ఆప్టేన్, 10 మైక్రోసెకన్ల దరిదాపుకి తెచ్చింది. అది ఫ్లాష్ కాదు, వేరే జాతి. 2022 జూలైలో ఇంటెల్ దాన్ని మూసేస్తున్నట్టు ప్రకటించింది. ఎస్ఎస్‌డి లోకంలో నాకు మిగిలిన బాధ అదొక్కటే.

క్యూలు ఎక్కువైతే మాత్రం ఎన్‌విఎంఇ విశ్వరూపం చూపిస్తుంది. సాటా డ్రైవులు వాడే పాత పద్ధతి ఏహెచ్‌సిఐలో ఒకే వరుస, అందులో 32 అభ్యర్థనలు. 2011లో వచ్చిన ఎన్‌విఎంఇలో 65 వేల పైచిలుకు వరుసలు పెట్టుకోవచ్చు. సర్వర్లకి అది వరం. ఇంట్లో ఒక మనిషి, ఒక మౌసు. వరసలో నిలబడేదెవరు?

బావ ప్రాజెక్టు ఒకటి తెచ్చి తెరిచి చూశాం, గడియారం పట్టుకుని. "ఇ" లో 19 సెకన్లు, "ఆ" లో 9.1, "ఉ" లో 9. బావ ఆ చివరి రెండు అంకెలూ చూసి, "ఈ పదో వంతు సెకనుకా నువ్వు ఆదివారాలన్నీ పోగొట్టుకుంటున్నావు?" అన్నాడు. జవాబు లేదు.

చిన్న డ్రైవులు కొనేవాళ్ళకి ఒక మాట ఇక్కడే రాసుకుంటాను. ఫ్లాష్ పొరలు ఏటా పెరుగుతున్నాయి. 2013లో శాంసంగ్ 24 పొరలతో మొదలుపెడితే, 2024 ఆఖరుకి ఎస్‌కె హైనిక్స్ 321 పొరల చిప్పు తయారీకి ఎక్కించింది. ఒక్కో చిప్పు పెద్దదవుతోంది. 512 గిగాబిట్ల చిప్పులైతే 1 టీబీకి 16 కావాలి, 1 టెరాబిట్ చిప్పులైతే 8 చాలు. కూలీలు సగానికి తగ్గితే ఒకేసారి మోసే బస్తాలూ తగ్గుతాయి. అందుకే ఒకే మోడల్‌లో 500 జీబీది 2 టీబీ దానికంటే రాతలో వెనకబడటం మామూలు.

ఆగస్టు 3, ఆదివారం

బావ గదిలో బీరువా తెరిస్తే పాత పెళ్ళిళ్ళన్నీ ఎస్ఎస్‌డిల్లో పెట్టి, పేర్లు రాసి, వరసగా సర్ది ఉన్నాయి. వాటికి కరెంటు తగిలి ఏడాది దాటింది.

ఫ్లాష్ గడిలో ఉండేది బంధించిన ఎలక్ట్రాన్లు. కరెంటు లేకపోతే నెమ్మదిగా జారిపోతాయి, వేడి ఎక్కువైతే ఇంకాస్త త్వరగా. చిప్పులకి ప్రమాణాలు రాసే జెడెక్ సంస్థ ప్రమాణం మామూలు వాడకం డ్రైవులకి పెట్టిన హద్దు: హామీ ఇచ్చిన రాతలన్నీ అయిపోయిన డ్రైవు కూడా 30 డిగ్రీల దగ్గర కరెంటు లేకుండా ఏడాది పాటు సరుకు నిలపాలి. కొత్త డ్రైవు అంతకంటే చాలా ఎక్కువే నిలుపుతుంది, భయపెట్టే కథనాలు ఈ సగం ముక్క వదిలేస్తాయి. కానీ ఆ 30 డిగ్రీలు చూడండి. రాత్రి ఏసీ ఆపేసి వెళ్ళే కోడంబాక్కం గదిలో మేలో ఆ బీరువా ఎంత ఉంటుందో నాకు తెలుసు.

"పెళ్ళికూతురు పదేళ్ళ తర్వాత వచ్చి అడిగితే ఏం చెప్తావు బావా?"

"ఎలక్ట్రాన్లు జారిపోయినయమ్మా అని చెప్తా."

నవ్వాడు గానీ మర్నాడే 8 టీబీ హార్డ్ డిస్కులు రెండు కొన్నాడు. ఒకటి గదిలో, ఒకటి ఇంట్లో. పాతవన్నీ వాటిలోకి దించాం. ఏ పెళ్ళీ పోలేదు.

ఖాళీ అయిన "అ" కి కొత్త ఉద్యోగం ఇచ్చాం. చదవడంలో దానికి ఏ లోటూ లేదు. నాలుగు కెమెరాల ఫుటేజీ ఒకేసారి ఆడించినా సెకనుకి 100 ఎంబీ చాలు. కాబట్టి కార్డులు దించేది "ఈ" లోకి, పాటలు, ఎఫెక్టులు, టెంప్లేట్లు "అ" లో. సగం మించి నింపకూడదు.

డిసెంబర్ 6, శనివారం

నాలుగు నెలల తర్వాత పేజీ తెరిచాను. పరీక్షించడానికి కొత్త డ్రైవులు లేవు, కారణం ధరలు. ఏఐ డేటా సెంటర్లు ఫ్లాష్‌నీ డీర్యామ్‌నీ ఊడ్చుకుపోతున్నాయి. రిచీ స్ట్రీట్‌లో ఉదయం చెప్పిన ధర సాయంత్రానికి ఉండటం లేదు. మొన్న బుధవారం మైక్రాన్ కంపెనీ క్రూషియల్ పేరుతో జనానికి అమ్మే వ్యాపారాన్నే ఆపేస్తున్నట్టు ప్రకటించింది. 2026 ఫిబ్రవరి దాకా సరుకు పంపుతుందట. మే నెలలో బేరమాడి కొన్న "ఈ" ఇప్పుడు తెలివైన పెట్టుబడిలా కనిపిస్తోంది. అప్పుడు నాకున్నది తెలివి కాదు, బావ పోరు.

ధర పెరిగితే డబ్బా లోపలి సరుకు మారే కాలం కూడా వస్తుందేమోనని అనుమానం. అందుకని ఎవరు కొత్త డ్రైవు కొన్నా ముందు నింపుడు పరీక్ష పెట్టి గ్రాఫు దాచమంటున్నాను. ఆఫీసులో ఇద్దరు ఇచ్చారు. ఒకటి బాగుంది. రెండోది 5,000 అని చెప్పుకుని, వసారా దాటాక 70కి దిగింది. దానికి "ఊ" అని పేరు పెట్టాను. వాపసు గడువు ఇంకా మూడు రోజులుంది, ఆయన డబ్బా టేపు వెతుక్కుంటున్నాడు.

మధ్యాహ్నం బావ గదికి వెళ్ళాను. "ఈ" ఆరోగ్యం చూశాను: ఆరు నెలల్లో 41 టీబీ రాశాడు, 600లో. "అ" మీద తెల్ల టేపు ముక్క అంటించి ఉంది. దాని మీద బావ చేతిరాతలో, వంకరగా: "500 దాటితే బామ్మర్దికి ఫోను".